సిస్టమ్ అన్న

కంప్యూటర్‌లో ఆట మొరాయిస్తే సూర్యాపేటలో ఎవరూ ముందుగా షాపుకు పోరు. షాపాయన "సీపీయూ ఈడికి పట్కరా" అంటాడు. పట్టుకుపోతే "రేపు రా" అంటాడు. రేపు పోతే, ఎవరి సీపీయూ ఏదో గుర్తుపట్టే కార్యక్రమం ఎల్లుండికి వాయిదా పడుతుంది. అందుకే ప్రతి వీధివాళ్లూ ఒక సిస్టమ్ అన్నను పెంచి పోషించుకుంటున్నారు. ఈ అన్న పగలంతా మీసేవలోనో, జిరాక్స్ సెంటర్‌లోనో, కేబుల్ నెట్ ఆఫీసులోనో కూర్చుంటాడు. ఏం చదివాడో ఎవరూ అడగరు, ఆయనా చెప్పడు. పొద్దుగూకాక మాత్రం ఆయన కాలమంతా మూతి మీద అప్పుడప్పుడే మీసం మొలుస్తున్న మగపిల్లల పరం.

2016లో నల్లగొండను మూడు జిల్లాలు చేసి సూర్యాపేటను వేరు చేశారు గాని, ఈ అన్న లెక్కలో జిల్లా ఇంకా పాతదే. పుట్టింది సూర్యాపేట, చిన్నమ్మను ఇచ్చింది కోదాడ, ఆయనకు పిల్లనిచ్చింది మిర్యాలగూడ. మూడు ఊళ్లలోనూ ఆయన నంబరు 'సిస్టమ్ అన్న' అనే పేరుతోనే ఉంటుంది. పెళ్లి పత్రికలో అసలు పేరు చూసి "ఈ పిలగాడెవరు?" అని అడిగినవాళ్లున్నారు.

ఫోన్ ఎత్తగానే "కొత్త బస్టాండ్ కాడున్న తమ్మీ, పది నిమిషాల్ల వస్త" అంటాడు. వెనకాల కుక్కర్ కూత వినిపిస్తుంటుంది. గంటన్నర తర్వాత బండి స్టాండ్ వేస్తాడు. చేతిలో బ్యాగు ఉండదు. జేబులో ఒక స్టార్ స్క్రూడ్రైవర్, తాళాల గుత్తికి మూడు పెన్‌డ్రైవ్‌లు, ఒక చిన్న పెయింట్ బ్రష్షు, బడిపిల్లలు వాడే తెల్ల రబ్బరొకటి. ఇంటావిడ "చాయ్ పెట్టనా బిడ్డా?" అంటే వద్దంటాడు. ఆ వద్దనడానికి అర్థం చక్కెర తక్కువ వేయమని.

"ఏమైంది?"

"గేమ్ ఓపెన్ అయితలేదన్నా."

"ఏం జేసినవ్?"

"ఏం జెయ్యలేదన్నా. నిన్నటిదాంక మంచిగనే నడిచింది."

ఈ 'ఏం జెయ్యలేదు' అన్న మాట విన్నప్పుడు అన్న ముఖంలో కనిపించే తృప్తి ఇంకెప్పుడూ కనిపించదు. ఎందుకంటే ఏం చేయని పిల్లవాడు ఈ భూమ్మీద లేడని ఆయనకు తెలుసు. రెండు నిమిషాలు సతాయిస్తే అసలు సంగతి బయటికొస్తుంది. సీ డ్రైవ్ ఎర్రబడిందని, జాగా కోసం ఏవో ఫోల్డర్లు డిలీట్ చేశాడు. వాటిలో ఒకటి ఆటది. జాగా అక్క పెళ్లి వీడియోకు కావలసి వచ్చింది. ఆ వీడియో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

అసలు సిస్టమే ఆన్ కాకుండా కూతలు పెడుతుంటే రబ్బరు బయటికొస్తుంది. ఈ ఘట్టం దగ్గర కూర్చుని చూడవలసిందే. కరెంటు వైరు పీకి, సీపీయూను మంచం మీద పడుకోబెట్టి, పక్క రేకు తీస్తాడు. ర్యామ్‌కు రెండు కొసలా ఉన్న క్లిప్పులు నొక్కగానే అది పైకి లేస్తుంది. దాని అంచున బంగారు రంగు గీతలుంటాయి. వాటిని రబ్బరుతో ఒకే దిక్కుకు, మెల్లగా, ఆ పక్కన ఇరవై ఈ పక్కన ఇరవై అన్నట్టు రుద్దుతాడు. రబ్బరు పొట్టును బ్రష్షుతో దులుపుతాడు. నోటితో ఊదకూడదు, తడి తగులుతుంది అని పిల్లలకు ఉపదేశిస్తూనే తాను ఒకసారి ఊదుతాడు. మళ్లీ గాడిలో పెట్టి రెండు బొటనవేళ్లతో అదిమితే రెండు వైపులా 'టక్' మంటుంది. స్విచ్ వేస్తే విండోస్ వస్తుంది. ఇల్లంతా రబ్బరు వైపు భక్తిగా చూస్తుంది. నిజానికి అందులో సగం పుణ్యం తీసి మళ్లీ గట్టిగా పెట్టడానిదే. దుమ్ము, చిలుము పట్టిన చోట కరెంటు సరిగా అందక అది కూసింది, అంతే. కానీ ఉత్త చేతులతో తీసి పెడితే చాయ్ రాదు గదా.

తెర మీద ఇంగ్లీషు డబ్బా వచ్చిందంటే ఇంకో రకం. ఫలానా డీఎల్ఎల్ ఫైలు లేదు, అందుకని ఆట మొదలుకాదు అని దాని సారాంశం. అన్న దాన్ని పూర్తిగా చదవడు. చివరి అంకె చూస్తాడు. "నలభై మూడా? గదే అనుకున్న." డైరెక్ట్ఎక్స్ తొమ్మిదికి చెందిన ఆ సహాయక ఫైళ్లలో 43 ఆఖరుది, 2010 జూన్ కూర్పులోది. విండోస్ 10లో డైరెక్ట్ఎక్స్ 12 ఉన్నా ఈ పాత ఫైళ్లు వాటంతటవి రావు, విడిగా వేసుకోవాలి. ఇది పిల్లలకు అన్యాయంగా తోస్తుంది. పన్నెండులో తొమ్మిది ఉండాలి గదా అని ఒకడు లెక్కలు తీశాడు. అన్న వాడి వంక జాలిగా చూసి, "పదో తరగతి పుస్తకంల ఎనిమిదో తరగతి పాఠాలుంటయారా?" అన్నాడు.

మాట వినని పిల్లలు ఆ ఒక్క ఫైలునే ఎక్కడో దింపుకొచ్చి సిస్టమ్ 32లో పారేస్తారు. అప్పుడు డీఎల్ఎల్ గొడవ తీరి జీరో ఎక్స్ సీ, ఐదు సున్నాలు, చివర 7బీ అనే ఇంకో డబ్బా వస్తుంది. 32 బిట్ల ఆటకు 64 బిట్ల ఫైలు తగిలిందని దానర్థం చాలాసార్లు. ఇక్కడ మైక్రోసాఫ్ట్ వారి చమత్కారం ఒకటుంది. 64 బిట్ల విండోస్‌లో 64 బిట్ల ఫైళ్లుండే ఫోల్డర్ పేరు సిస్టమ్ 32. 32 బిట్ల ఫైళ్లుండే ఫోల్డర్ పేరేమో సిస్‌వావ్ 64. అన్న ఈ సంగతి చెప్పినప్పుడు నమ్మినవాణ్ని నేనింతవరకూ చూడలేదు. పిల్లవాడి తండ్రి ఒకాయన, రెవెన్యూ ఆఫీసులో చేసేవాడు, ఆయనొక్కడే ఏ ఆశ్చర్యమూ లేకుండా తలూపాడు.

పాతకాలం గురించి అడిగితే అన్నకు కళ్లు మెరుస్తాయి. వైస్ సిటీ ఆట కంప్యూటర్‌కు వచ్చింది 2003లో. అప్పుడు ఊళ్లో చాలా సిస్టమ్‌లకు ఇంటెల్ 845, 865 బోర్డులు. కొడుకు ఆడుకోవడానికి విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనిచ్చే తండ్రి అప్పటికి పుట్టలేదు. వైస్ సిటీ ఎలాగో పాకుతూ నడిచేది. తర్వాతి ఆటలు పిక్సెల్ షేడర్ 2.0 అడగడం మొదలుపెట్టాయి. బోర్డులో అది లేదు. అన్న త్రీడీ ఎనలైజ్ అనే బుల్లి ప్రోగ్రామ్ తెచ్చి, లేని కార్డు ఉన్నట్టు ఆటను నమ్మించేవాడు. ఆట నమ్మేది. కాకపోతే కొన్నిట్లో మనుషులకు ముఖాలుండేవి కావు, చొక్కాలే తిరిగేవి. "నడుస్తుందా లేదా?" అనేవాడు అన్న. నడిచేది.

ఆ వైస్ సిటీనే ఇప్పటి విండోస్‌లో పెడితే కొన్నిసార్లు మౌస్ పనిచేయదు. బొమ్మ నడుస్తుంది గాని తల తిప్పదు. మందు చాలా చిన్నది. డాక్యుమెంట్స్‌లో ఆ ఆట పేరున్న ఫోల్డర్ తెరిచి, అందులో జీటీఏ వీసీ డాట్ సెట్ అనే ఫైలు తీసేస్తే చాలు, ఆట కొత్తది తయారుచేసుకుని మౌస్‌ను గుర్తుపడుతుంది. పది సెకన్ల పని. ఈ పది సెకన్ల ముందు అన్న పిల్లవాణ్ని మంచినీళ్లకు పంపుతాడు. వాడు వచ్చేసరికి నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పరుగెత్తుతుంటాయి. ఆ అక్షరాలకూ మౌస్‌కూ ఏ సంబంధమూ లేదు. అది డిస్కులో ఉన్న ఫైళ్ల జాబితా. విద్య గుట్టు కాపాడుకోవడం అన్ని కులవృత్తుల్లోనూ ఉన్నదే, దీన్ని మాత్రం ఎందుకు తప్పుపట్టాలి?

ఒక రిటైర్డు తెలుగు పండితుల ఇంట్లో కేసు మాత్రం అన్నను మూడు సాయంత్రాలు తిప్పింది. మనవడి ఆట మొదలవుతుంది, ఆడనిస్తుంది, సేవ్ చేయమంటే చతికిలబడుతుంది. డ్రైవర్లు మార్చాడు, ఆట తీసి మళ్లీ ఎక్కించాడు. ఆఖరుకు సేవ్ ఫైలు వెళ్లే దారి చూస్తే, ఫోల్డర్ పేరు ఉండవలసిన చోట వరసగా ప్రశ్నార్థకాలు. విషయమేమిటంటే తాతగారు విండోస్‌లో తన పేరు చక్కగా తెలుగు లిపిలో పెట్టుకున్నారు. యూనికోడ్ తెలియని పాత ఆటలకు తెలుగు అక్షరాలు కనిపించవు, అక్కడ ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి. ప్రశ్నార్థకంతో విండోస్‌లో ఫోల్డరే ఉండదు. పేరు మారిస్తే పైన మారుతుంది గాని లోపలి ఫోల్డర్ మారదు, కాబట్టి ఇంగ్లీషు అక్షరాలతో కొత్త ఖాతా తెరవాలన్నాడు అన్న.

"నా ఇంట్లో, నా డబ్బుతో కొన్న యంత్రంలో, నా పేరు నా భాషలో ఉండగూడదా నాయనా?" అన్నారు పండితులు.

"ఉండొచ్చు సార్. గేమే ఉండదు."

తాతగారి ఖాతా తాతగారికి ఉంది. మనవడు ఇంగ్లీషు ఖాతాలోకి వలస వెళ్లాడు. ఇద్దరికీ మాటల్లేవు.

ఎండాకాలం అన్నకు సీజను. మే నెలలో సూర్యాపేట ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. ప్రాసెసర్ మితిమీరి వేడెక్కితే తన వేగం తానే తగ్గించుకుంటుంది, ఇంకా వేడెక్కితే ఆరిపోతుంది. ఆట ముక్కలు ముక్కలుగా నడుస్తోందంటే అన్న ముందు వెళ్లి సీపీయూ ఎక్కడుందో చూస్తాడు. గోడకు అతుక్కుని, ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని, పైన కుట్లు వేసిన గుడ్డ కప్పుకుని ఉంటుంది. వాస్తు ప్రకారం అక్కడే ఉండాలట. దసరాకు పెట్టిన కుంకుమ బొట్టు తాలూకు పొడి యూఎస్‌బీ రంధ్రంలో ఉంటుంది. పక్క రేకు ఊడదీసి, టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పమంటాడు. "మనుషులకు లేని ఫ్యాను దానికా?" అని ఇంటావిడ అడుగుతుంది. ఆ ప్రశ్నకు ఈ మూడు ఊళ్లలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఇవేవీ పనిచేయకపోతే, లేదా ఆ రోజు అన్నకు తొందరగా ఇంటికి పోవాలనిపిస్తే, ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఆ మాట అంటాడు. "ఫార్మాట్ కొడదామా?" మా చిన్నప్పటి ఆర్ఎంపీ దగ్గర ఏ రోగానికైనా ఒకటే సూది ఉన్నట్టు, అన్న దగ్గర అన్నిటికీ ఉన్న ఆఖరి మందు ఇది. సౌండ్ రాకపోయినా ఫార్మాటే, ప్రింటర్ కదలకపోయినా ఫార్మాటే. విండోస్ 10కి 2025 అక్టోబర్‌తో మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది గదా, అప్పటినుంచి ఈ మందుకు గిరాకీ మరీ పెరిగింది. "డీ డ్రైవ్‌ల ఉన్నయి ఏం గావు" అని హామీ ఇస్తాడు. నిజమే, ఏమీ కావు. డీ డ్రైవ్‌లో ఎవరూ ఏమీ పెట్టరు గదా.

అలా ఫార్మాట్ కొట్టి కూడా ఓడిపోయిన కథ ఒకటి ఆయనే చెబుతాడు, అదీ గర్వంగా. శాన్ ఆండ్రియాస్ ఆటలో స్కిమ్మర్ అనే విమానం ఉంది, నీళ్ల మీద దిగుతుంది. ఒక పిల్లవాడు విండోస్ 11లో అప్పట్లో కొత్తగా వచ్చిన 24హెచ్2 అప్‌డేట్ వేసుకున్నాక ఆ విమానం మాయమైంది. రేవు దగ్గర ఉండాల్సినది లేదు. అన్న ఫార్మాట్ కొట్టి మళ్లీ అదే విండోస్ ఎక్కించాడు. లేదు. ఆట మార్చాడు. లేదు. పిల్లవాడు ఏదో మిషన్‌లో పేల్చేసి మర్చిపోయుంటాడని తీర్మానించి చాయ్ తాగి వచ్చేశాడు.

2025లో సంగతి తేలింది. సైలెంట్ అనే మారుపేరుతో పాత ఆటలకు మరమ్మతులు రాసే ప్రోగ్రామర్ దాని మూలం పట్టుకున్నాడు. ఆటలో బండ్ల వివరాలుండే ఫైలులో స్కిమ్మర్ వరసకు చివర కొన్ని అంకెలు రాయలేదు, అందులో చక్రాల సైజు ఒకటి. వైస్ సిటీలో దాన్ని పడవగా లెక్కేశారు, పడవకు చక్రాలెందుకు? తర్వాతి ఆటలో విమానంగా మార్చారు, అంకెలు చేర్చడం మరిచారు. అంకె లేకపోతే ఆట ఏం చేయాలి? జ్ఞాపకంలో అంతకుముందు చదివిన బండి తాలూకు అంకె మిగిలి ఉండేది, దాన్నే వాడుకునేది. దాదాపు ఇరవై ఏళ్లు ఆ విమానం పక్కవాడి చక్రాలతో ఎగిరింది. 24హెచ్2లో విండోస్ లోపలి పని ఒకటి ఆ జాగాను వాడుకోవడం మొదలుపెట్టేసరికి మిగులు అంకె చెరిగిపోయి, చెత్త వచ్చి చేరి, విమానం కొలతలన్నీ తలకిందులయ్యాయి.

ఈ కథంతా విని అన్న తొడ చరిచాడు. "చూసినవా! విండోస్‌దే తప్పు, నాది గాదు." తప్పు విండోస్‌ది కూడా కాదు, ఆట రాసినవాళ్లదేనని చెప్పబోయాను. ఆయన అప్పటికే ఆ పిల్లవాడికి ఫోన్ చేస్తున్నాడు.

కోదాడ కేసు క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది క్లుప్తంగానే చెడింది. చిన్నమ్మ కొడుక్కు వాలరెంట్ ఆట కావాలి. విండోస్ 11లో అది టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అడుగుతుంది, లేకపోతే వ్యాన్ 9001 అనో 9003 అనో చెప్పి గెంటేస్తుంది. ఇవి బయోస్‌లో ఉంటాయి. విండోస్ లేవకముందు కనిపించే బయోస్‌లోకి, దూరం నుంచి సిస్టమ్ నడిపే ఎనీడెస్క్ రాదు. అందుకని వీడియో కాల్. తమ్ముడు ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో కీలు నొక్కుతుంటే, సూర్యాపేట నుంచి అన్న "కిందికి... ఇంక కిందికి... ఆ సీఎస్ఎం డిసేబుల్ చెయ్... ఎఫ్10 కొట్టు" అని నడిపించాడు. కొట్టాడు. సీఎస్ఎం అనే పాత పద్ధతిలో ఎక్కించిన విండోస్ కొత్త పద్ధతిలో లేవదు గదా, నల్ల తెర మీద బూట్ చేయడానికి ఏమీ లేదని వచ్చింది. అప్పుడే ఎరువుల షాపు మూసి బాబాయి ఇంటికొచ్చాడు. ఆ సిస్టమ్‌లోనే ఆయన ట్యాలీ ఉంది.

"ఏరా, నా ఖాతాలేవిరా?"

ఆ రాత్రి అన్న విజయవాడ బస్సెక్కి కోదాడలో దిగాడు. సీఎస్ఎం తిరిగి ఆన్ చేస్తే అన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. బాబాయి మాత్రం తెల్లారేదాకా ఒక్కో ఖాతా తెరిచి చూసుకున్నాడు. వాలరెంట్ మాట ఆ ఇంట్లో మళ్లీ ఎత్తలేదు.

మిర్యాలగూడ అత్తారింట్లో మాత్రం అన్న పేరు 'బావ'. పండక్కి అల్లుడొస్తే కాళ్లకు నీళ్లివ్వడం ఆనవాయితీ. "కాళ్లు తర్వాత కడుక్కుందువు గాని, ముందు ఇది చూడు బావా" అని బామ్మర్ది చెయ్యి పట్టి లాక్కుపోతాడు. మామగారికి రైస్ మిల్లులో వాటా ఉంది. సాగర్ ఎడమ కాలువ పారే ఊరు, చుట్టూ మిల్లులు. కాబట్టి బామ్మర్ది సిస్టమ్ కూడా ఆ స్థాయిలోనే ఉంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నది, అద్దాల క్యాబినెట్, లోపల రంగురంగుల లైట్లు, ఆర్‌టీఎక్స్ కార్డు. కొని ఆరు నెలలైంది. ఆరు నెలలుగా ఆట నత్తనడక.

అన్న ముందు అద్దం తీశాడు. లోపల వడ్లపొట్టు దుమ్ము మందంగా పేరుకుంది. మామగారు తొంగిచూసి, "మన మిల్లుల గూడ ఇంత లేదు గదనయ్యా" అన్నారు. మిల్లు నుంచి బ్లోయర్ తెప్పించారు. ఆ గాలికి ఫ్యాన్లు గిర్రున తిరిగి పాడయ్యే ప్రమాదముంది కనుక, అన్న ఒక్కో ఫ్యానులో పెన్సిల్ అడ్డుపెట్టి కొట్టించాడు. ఇంటిల్లిపాదీ తుమ్మారు. ఆట మాత్రం అలాగే ఉంది.

అప్పుడు ఆయన సీపీయూ వెనక్కి వంగాడు. మానిటర్ వైరు పైన, యూఎస్‌బీల పక్కన, మదర్‌బోర్డుకు గుచ్చి ఉంది. కింద గ్రాఫిక్స్ కార్డు రంధ్రాలకు కంపెనీవాళ్లు పెట్టిన ప్లాస్టిక్ మూతలు అలాగే ఉన్నాయి. అంటే ఇంత డబ్బు పోసి కొన్న కార్డు ఆరు నెలలుగా లోపల లైట్లు వెలిగించుకుంటూ ఊరికే కూర్చుంది, బొమ్మలన్నీ ప్రాసెసర్‌లో ఉండే చిన్న గ్రాఫిక్సే మోసింది.

వైరు తీసి కింద గుచ్చితే పని అయిపోతుంది. అన్న తీసి గుచ్చాడు కూడా. కానీ ఆ మాట అనలేదు. అంటే మామగారి ముందు బామ్మర్ది పరువు పోతుంది, అల్లుడి విద్య విలువా పోతుంది. మూతలు జేబులో వేసుకుని, లేచి, "డ్రైవర్ల ప్రాబ్లం" అని ప్రకటించి, ఇంకో గంట పాటు ఏవేవో అప్‌డేట్‌లు చేశాడు. తర్వాత ఆట తెరిచారు. బామ్మర్ది "అబ్బా!" అన్నాడు. అత్తగారు లోపల్నుంచి గారెలు పంపారు. తిరుగు ప్రయాణంలో పాతిక కిలోల సన్నబియ్యం బస్తా డిక్కీ లేని బండి మీద సూర్యాపేట దాకా వచ్చింది.

"ఒక్క రౌండ్ ఆడు బావా" అని బామ్మర్ది ఎంత బతిమాలినా ఆయన కూర్చోలేదు. ఎక్కడా కూర్చోడు. ఇది తెలిసినవాళ్లకే తెలుసు: సిస్టమ్ అన్నకు ఏ ఆటా ఆడటం రాదు. ఇరవై ఏళ్లలో వచ్చిన ఆటలన్నిటి సెట్టింగ్స్ పేజీలు ఆయనకు కంఠతా వచ్చు. నీడలు తగ్గించాలా, రిజల్యూషన్ దించాలా, ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టాలా, ఏ ఆటకు ఏ కిటుకో చెబుతాడు. మొదటి మిషన్‌లో ఏం చేయాలో మాత్రం తెలియదు. ఆట నడిచిందంటే ఆయన ముఖం చిన్నబోతుంది. తాళాల గుత్తి తీసుకుని లేస్తాడు. ఇంకెక్కడైనా ఏదైనా ఆగిపోయిందేమోనని ఫోన్ చూసుకుంటాడు.

మీ వీధిలోనూ ఇలాంటి అన్న ఒకడుంటాడు. తప్పకుండా పిలవండి, చాయ్ ఇవ్వండి, ఎంతో కొంత చేతిలో పెట్టండి, వద్దంటాడు గాని తీసుకుంటాడు. పిలిచేముందు మాత్రం డెస్క్‌టాప్ మీదున్న ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్లు ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. డెస్క్‌టాప్ ఉండేది సీ డ్రైవ్‌లోనే. ఆ పెన్‌డ్రైవ్ ఆయన కంట పడనీయకండి, విండోస్ ఎక్కించడానికి అడుగుతాడు.